పౌరశాస్త్రంలో ఒక మార్కు ప్రశ్న

పొద్దున ప్రేయర్ బెల్లు కొట్టగానే వరుసల్లో నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్పేవాళ్లం. సాయంత్రం లాంగ్ బెల్లుకు ముందు జనగణమన. అందులో సగం మంది చూపు అప్పటికే గేటు మీద ఉండేది. స్వర్ణోత్సవ సంచికకు ‘హైస్కూలు విద్యార్థులకు పౌరబాధ్యత, జీవన నైపుణ్యాలు’ గురించి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఆ రెండు బెల్లులే. నేను ఇంజనీరును, చరిత్ర నా వృత్తి కాదు. పొరపాట్లుంటే సోషల్ సార్లు మన్నించాలి.

ప్రతిజ్ఞ రాసింది మంత్రో, పండితుల సంఘమో అనుకునేవాణ్ణి. రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయన ఊరు. 1962లో, చైనా యుద్ధం నాటికి, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. జీతాల బిల్లులు చూసే మనిషి తెలుగులో రాసిన ఆ మాటలు 1965 జనవరి 26 నుంచి దేశంలోని బడులన్నిటికీ వెళ్లాయి. పాఠ్యపుస్తకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది గానీ, కింద ఆయన పేరు చాలా ఏళ్లు లేదు. మేం చదివిన పుస్తకాల్లోనూ లేదు.

సాయంత్రం పాట సంగతి మనకు ఇంకా దగ్గరిది. మన ఊరి నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా పోతే వచ్చే మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ ఒక కళాశాల పెట్టారు. పరీక్షలు ప్యాసు చేయించడమే చదువని ఆమె ఎన్నడూ అనుకోలేదు. స్కౌట్ దళాల్లోకి భారతీయ బాలురను రానివ్వని రోజుల్లో ఆమె, అరండేల్ కలిసి మన పిల్లలకు వేరే స్కౌట్ సంఘం నడిపారు. 1921లో బేడెన్ పావెల్ వచ్చాక గానీ ఆ తేడా పోలేదు. హోంరూల్ ఉద్యమం నడిపినందుకు 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వం ఆమెను ఊటీలో నిర్బంధించింది. మదనపల్లె విద్యార్థులు ఆ ఉద్యమంలోకి దిగారు. కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోగొట్టుకుని, ఆమె ఆధ్వర్యంలోని జాతీయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. అంటే పౌరసత్వం అక్కడి పిల్లలకు ఒక పాఠంగా కాదు, నష్టపోయి నేర్చుకున్న పనిగా వచ్చింది. (రిషి వ్యాలీ గురించి ఇక్కడ రాయడం లేదు. అది ఇంకో వ్యాసమంత ఉంది.)

1919 ఫిబ్రవరిలో ఆ కళాశాలకు రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్లున్నారు. విద్యార్థుల ముందు జనగణమన పాడారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా తీసుకున్నావిడ. ఆమె కూర్చుని ఆ పాటకు స్వరలిపి రాశారు. ఇంతవరకు మన జిల్లాలో చాలామందికి తెలుసు. అయితే ఆవిడ చేసిన పని అక్కడితో ఆగలేదు. 1917లో అనీబిసెంట్ తదితరులతో కలిసి భారత మహిళా సంఘాన్ని స్థాపించి, స్త్రీలకు ఓటు కావాలని తిరిగారు. 1921లో మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాల్లో అదే మొదటిది. ఆస్తీ పన్నూ ఉన్నవాళ్లకే లెండి. 1927లో పుణెలో మొదలైన అఖిల భారత మహిళా సభకూ ఆవిడ చొరవే కారణం. ఆ సభ బాల్యవివాహాలకు వ్యతిరేకంగా గట్టిగా పనిచేసింది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండాలన్నారు. 1978లో దాన్ని 18, 21 చేశారు.

ఆ 18, 21 మాకు పదో తరగతిలో ఒక మార్కు ప్రశ్న.

నేను 1986లో పదో తరగతి రాశాను. అంతకుముందు ఏడాదే మండలాలొచ్చి రామకుప్పం మండల కేంద్రమైంది. మా క్లాసులో సోషల్‌లో ఎప్పుడూ ముందుండే అమ్మాయి ఒకామె ఉండేది. ‘స్త్రీ పురుషుల కనీస వివాహ వయస్సు ఎంత?’ అన్న ప్రశ్నకు ఆమె తప్పు రాయడం జరగని పని. ఫలితాలు రాకముందే ఆమెకు పెళ్లి చేశారు. అప్పటికి ఆమెకు పదహారు నిండలేదు. మేం ముప్పై మందిమి, అందరికీ ఆ జవాబు వచ్చు. ఒక్కరం నోరు తెరవలేదు. తెరిచి ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో తెలీదు. నేను ఆ పెళ్లి భోజనం కూడా తిన్నాను.

మా పనిలో కాంక్రీటు ఎంత బలంగా ఉందో కాగితం మీద లెక్క చూసి వదిలేయం. అచ్చుల్లో పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మిషన్ కింద పెట్టి పగలగొట్టి చూస్తాం. మా పౌరశాస్త్రాన్ని ఆ వేసవిలో మిషన్ కింద పెట్టారు. ఎంత బరువుకు పగిలిందో చెప్పాను కదా.

పెద్దలు దీన్ని ఆలోచించలేదని కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ బడిలో పని అనుభవం, సమాజసేవ ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే పనికి టైంటేబుల్లో చోటివ్వాలంది. చాలా బడుల్లో ఆ పీరియడ్‌కు లెక్కల సార్ వచ్చి కూర్చునేవారు. పదో తరగతి రిజల్టు ముఖ్యం కదా! 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలంటూ ఒక జాబితా చెప్పింది: నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడికి తట్టుకోవడం, మనసులో మాట ఎదుటివాళ్లకు చెప్పగలగడం వగైరా. జాబితా బాగుంది. మళ్లీ దాన్నే బట్టీ పట్టిస్తారేమోనని నా భయం.

ఇప్పటి పిల్లలకు మాకు లేనివి కొన్ని ఉన్నాయి. 2006 చట్టం కింద బాల్యవివాహాలు ఆపడానికే అధికారులున్నారు. పిల్లలకు కష్టమొస్తే 1098కు ఫోన్ చేయొచ్చు. మా కాలంలో ఓటు 21 ఏళ్లకు. 1989లో 18 చేశారు కాబట్టి ఆ ఏడాది ఎన్నికల్లో నేను పందొమ్మిదేళ్లకే వేశాను. ఇప్పుడు 17 నిండితే ముందుగానే ఫారం 6 ఇచ్చుకోవచ్చు. ఇవన్నీ చెప్తే పిల్లలు రాసుకుంటారు. చేయించాలి. తొమ్మిది, పది తరగతుల వాళ్లతో నెలకో శనివారం ఒక అర్జీ రాయించి, దాన్ని తీసుకెళ్లి ఇప్పించి, రసీదు అడిగి తెప్పించాలి. ‘నాకిప్పుడే పెళ్లి వద్దు’ అని తల్లిదండ్రులకు ఎలా చెప్పాలో ఇద్దరిద్దరిని నిలబెట్టి మాట్లాడించాలి. తోటి పిల్లకు ఆ కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా. మన పాత విద్యార్థుల్లో రెవెన్యూలో, పోలీసులో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో చేసినవాళ్లున్నారు. సార్లు, మేడమ్‌లు ఒప్పుకుంటే జూన్ నుంచి నేను వస్తాను. మొదటి శనివారం నాది.

ఈ వ్యాసం పంపే ముందు ఆ స్నేహితురాలికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆమె మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. అంతా విని, “నా పేరు రాయలేదు కదప్పా, మంచిది” అంది. తర్వాత ఒక తప్పు దిద్దింది. పదహారు నిండలేదని నేను రాశానే, పెళ్లినాటికి నిండి పదకొండు రోజులట. హాల్ టికెట్ ఇంకా దాచుకుందట, పుట్టిన తేదీ అందులో ఉందంది.