పాలమూరు పిల్లలమర్రి - మళ్ళీ వేసిన చిగురు

మాది నల్లగొండ జిల్లా. అక్కడ పిల్లలమర్రి అంటే సూర్యాపేట పక్కన కాకతీయుల గుళ్ళున్న ఊరు. అందువల్ల 1978లో బదిలీపై మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు, తోటి గుమాస్తాలు "పిల్లలమర్రికి పోదాం" అంటే ఇక్కడా ఏదో గుడి ఉందనుకున్నాను. తీరా చూస్తే అది చెట్టు! పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సుమారు మూడెకరాల మేర పరచుకున్న ఒకే ఒక్క మర్రి. వయస్సు ఏడు వందల ఏళ్ళని చెబుతారు. తల్లి మాను ఏదో, ఊడల నుండి పుట్టిన పిల్ల మానులేవో పోల్చుకోలేము. ఆ పేరు అలా వచ్చిందే. దాని నీడన వెయ్యిమంది కూర్చోవచ్చునని ఆఫీసులో అనుకునేవాళ్ళం, లెక్కపెట్టిన వారెవరూ లేకపోయినా.

ఉగాదికి ముందు వచ్చే ఆదివారం పిల్లలను తీసుకుని అక్కడికి వెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ అయింది. ఆ రోజుల్లో మర్రి పాత ఆకు రాల్చి, రాగి రంగు చిగురు వేసి ఉండేది. ఎర్రని పండ్ల కోసం గోరింకల గోల! మర్రి పూత మనకు కనబడదు. పూలు ఆ కాయ లోపలే ఉంటాయనీ, ఒక చిన్న కందిరీగ జాతి పురుగు లోనికి దూరితే గాని గింజ కట్టదనీ మా అమ్మాయి కాలేజీలో చదివి చెప్పేవరకు నాకు తెలియదు.

పిల్లలు ఊడలు పట్టుకుని ఊగేవారు. అందనివారిని నేనే ఎత్తి పట్టించేవాణ్ణి. అందరూ చేసేదే కనుక తప్పని తోచలేదు. కాని వేలాడే ఊడ కొస లేతగా ఉంటుంది. అది చితికితే నేలకు చేరడం కష్టం. నేలలో వేరూని మానుగా మారితేనే పైనున్న కొమ్మ బరువును మోయగలదు. ఆ ఆధారం లేని కొమ్మ తన బరువుకు తానే వంగి విరుగుతుంది.

2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. మానుల లోపల చెదలు తొలిచాయని అప్పుడు బయటపడింది. సందర్శకులను ఆపివేశారు. అటవీశాఖ వారు మొదట మానుకు రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ మందు పోస్తే అది బయటికే కారిపోయింది. అప్పుడు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు, సెలైన్ సీసాలలో పలుచని మందు నింపి కొమ్మలకు వేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. 2018 ఏప్రిల్‌లో ఆ ఫొటోలు విదేశీ పత్రికలలోనూ వచ్చాయి. వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించారు. లేత ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. వేళ్ళకూ మందు నీరు పోశారు. ఈ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఊడకు ఎత్తి పట్టించిన చేతులు నావే కదా!

మర్రి అంత తేలికగా చచ్చేది కాదన్నది నిజమే. కలకత్తా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రికి తెగులు పట్టగా 1925లో తల్లి మానునే తొలగించారు. అది నేటికీ ఊడల మానుల మీద బతుకుతున్నది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమానుదీ ఊడల బలమే. మన పిల్లలమర్రి పక్కనే, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుండి తెచ్చి తిరిగి కట్టిన ఆలయం ఉంది. రాళ్ళను విప్పి మళ్ళీ పేర్చవచ్చు, చెట్టుకు ఆ వీలు లేదు.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన వారిని కూడా ఇక్కడికి తీసుకువచ్చారు. ఆ తరువాతి ఫాల్గుణంలో మా మనవడితో వెళ్ళాను. ముట్టుకోనివ్వరు, కాస్త దూరం నుండే చూడాలి. దిమ్మె ఆనించిన కొమ్మ మీద కూడా రాగి రంగు చిగురు ఉంది.

"తాతా, నువ్వు ఊగావా?" అని వాడడిగాడు.

"మీ అమ్మను ఊగించాను" అన్నాను.

ఏ ఊడ అని అడిగాడు. చాలాసేపు వెతికాను గాని పోల్చుకోలేకపోయాను.