తార్నాక వంటగట్టుకు పైమెరుగు

నిలబడి వంట చేసేందుకు నడుమెత్తున కట్టే రాతి పలకనే ఈనాడు వంటగట్టు అంటున్నా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం అడిక్‌మెట్ గుట్టల మీద రూపుదిద్దుకుంటున్న 1930లలో సామాన్య తెలుగు ఇళ్ళ వంట ఎక్కువగా నేలమీదే, పొయ్యి చుట్టూ మట్టితో మెత్తిన పొట్టి తిన్నె దగ్గరే సాగేది. ఆ తిన్నెకు పేడ అలుకే పైపూత. అంచులకు తెలంగాణలో జాజు అని పిలిచే ఎర్రమన్ను పట్టీ, దానిమీద పిండితోనో సున్నంతోనో గీసిన ముగ్గు. పొగకూ తడికీ ఆ పూత నిలిచేది కాదు కాబట్టి ఆడవాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ వేయవలసి వచ్చేది. అలంకరణ అంటే చాకిరీలో ఒక భాగమే తప్ప ఒకసారి చేయించి మరచిపోయే పని కాదు.

ఈ పరిస్థితిని మార్చడానికి హైదరాబాదులోనే ఒక ప్రయత్నం జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు రూపొందించిన పొగలేని పొయ్యి, ఆ సంస్థ ఆంగ్ల నామపు పొడి అక్షరాలతో హెర్ల్ చూలా అని పేరుపొందింది; 1953లో ఆయన దానిపై పుస్తకమూ వెలువరించారు. ఒకే మంట మీద పాత్రలను వరుసగా నిలిపి, వాటి అడుగున మట్టిలో మలిచిన దారి గుండా పొగను గొట్టంలోకి పంపడమే దాని సూత్రం. మసి తగ్గితే తప్ప వంటింట్లో ఏ రంగూ నిలవదు కాబట్టి, పైపూతల చరిత్రలో ఈ మట్టి పొయ్యికి రంగు డబ్బాకంటే పెద్దపీటే వేయాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న పేట తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చోటు. తీగ కంచె దగ్గరి ఆ చోటు నుంచే తార్నాక పేరు వచ్చిందని చెబుతారు. 1944లో మొదలై తరువాత రసాయన సాంకేతిక సంస్థగా మారిన పరిశోధనాలయం, 1961 నాటి భూభౌతిక పరిశోధన సంస్థ, వీటికి తోడు విశ్వవిద్యాలయమూ ఉద్యోగులను ఈ చుట్టుపక్కలకు రప్పించాయి. కిరసనాయిలు స్టవ్వూ, తరువాత గ్యాసు పొయ్యీ గట్టును పైకి లేపాయి. లేచిన గట్టుకు రాయి కావలసి వచ్చింది.

ఇక్కడే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఈ ప్రాంతపు నేలలో ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల ఆ జాతి రాతితోనే లేచింది. అయినా వంటగట్టు మీదికి చేరినవి తాండూరు, షాబాదు బండలూ కడప నాపరాయీ. కారణం సూటిగానే ఉంది: నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి కాబట్టి ఉలితో, మేకులతో పలకలుగా విడుతుంది, 1874లో సికింద్రాబాదును వాడి జంక్షన్‌తో కలిపిన రైలుమార్గం తాండూరు మీదుగానే సాగుతుంది, గ్రానైటును మాత్రం దిమ్మెలుగా చెక్కగలిగినా, పలుచని పలకలుగా కోసి అద్దంలా మెరిపించడం వజ్రపు పొడి పొదిగిన రంపాలు అందుబాటులోకి వచ్చేదాకా సామాన్యుడి ఖర్చుకు అందలేదు.

సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు పులుసు ఒలికినా, నిమ్మచెక్క కాసేపు బోర్లించినా నల్లని నాపరాయి మీద తెల్లని మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, ఆమ్లం తిన్న చోటు. దానిమీద కొబ్బరినూనె రుద్ది నలుపు తెప్పించడం అలుకుకు వారసత్వంగా వచ్చిన పనే అనవచ్చు. ఈ బాధ మొజాయిక్‌కూ తప్పలేదు, అందులోని చలువరాయికీ పులుపు పడదు కనుక. సిమెంటులో రంగుపొడి కలిపి, చలువరాతి పలుకులు చల్లి, గట్టిపడ్డాక నీళ్ళు పోస్తూ కార్బొరండం రాయితో అరగదీస్తే ఒక్కొక్క పలుకూ కోసిన ముఖంతో బయటపడేది. చలువరాయి కొనలేనివాడికి చలువరాతి ముక్కలతో అందించిన ఈ అందం, రాతిని అనుకరించే పూతలన్నిటిలోనూ నిజాయితీ గలది, ఎందుకంటే అందులో రాయి ఉంది. రాతి బొమ్మ అచ్చేసిన సన్‌మైకా రేకుకూ, గట్టు మీద పోసి చలువరాతి చారలు గీసే ఎపాక్సీ రంగుకూ ఆ మాట చెల్లదు.

చివరకు గ్రానైటు వచ్చి పులుపు బాధ తీర్చింది. బంగారు చుక్కల నల్లరాయిగా ఇళ్ళలో మెరిసే ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి భూగర్భ శాస్త్రం లెక్కలో గ్రానైటే కాదు; వ్యాపారం గట్టి రాయికంతటికీ ఆ పేరే పెట్టింది. పాత ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపేవారు నాపరాయి గట్టును రాళ్ళకుప్పలో కలిపే ముందు దానిమీద రెండు చుక్కల కొబ్బరినూనె రుద్ది చూడాలి.