ఊరు కదల్లేదు, రిజిస్టరు మారింది



నర్సింగ్ చదివిన ఆడపిల్లలు మన సంఘం ఇళ్ళలో చాలామందే ఉన్నారు. పెళ్ళయి పక్క రాష్ట్రానికి వెళ్ళి ఉద్యోగం అడగ్గానే వినపడే ప్రశ్న, "మా కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా?" అని. నాలుగేళ్ళు చదివాక మళ్ళీ ఇదేమిటని తల్లిదండ్రులు విసుక్కుంటారు. దీని వెనక ఉన్నది మన ఊళ్ళ చరిత్రే.

మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. అప్పట్లో బరంపురం, బళ్ళారి, కర్నూలు, హోసూరు అన్నీ మద్రాసు కిందే. ఇంట్లో తెలుగు, బయట ఒరియానో కన్నడమో తమిళమో మాట్లాడినా చట్టం ఒక్కటే.

తర్వాత గీతలు జరిగాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి బరంపురం అటు వెళ్ళింది. 1938లో అక్కడ నర్సులకు సొంత చట్టం చేసుకున్నారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో కలిసింది. అదే జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మైసూరు 1961లో తన చట్టం తెచ్చుకుంది. ఆంధ్ర ప్రాంతంలో పాత 1926 చట్టమే కొనసాగింది. ఒకే జిల్లాగా ఉన్న ఆదోని, బళ్ళారి నర్సులు ఈ విధంగా రెండు రిజిస్టర్లలో పడ్డారు.

సోలాపూరు మాట వేరు. అది బొంబాయి కింద ఉండేది. అక్కడి మన పద్మశాలీల్లో చాలామంది పెద్దలు నిజాం రాజ్యం నుంచి వచ్చినవాళ్ళు. ఆ రెండు చోట్లకూ ఒకే రిజిస్టరు ఏనాడూ లేదు.

1947లో వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం సగం చిక్కు విప్పింది. గుర్తింపు ఉన్న చదువు ఎక్కడ చదివినా, ఏ రాష్ట్రంలోనైనా పేరు నమోదుకు అది చాలు. మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదు. కానీ పేరెక్కించే పుస్తకం మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. నా దృష్టిలో చిక్కంతా ఇక్కడే. చదువుకు దేశమంతా విలువ ఇచ్చి, దాని కాగితానికి సరిహద్దు పెట్టారు. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. అందులో జాతీయ రిజిస్టరు ఉంది, రాష్ట్ర రిజిస్టర్లూ ఉన్నాయి.

ఈలోగా మన పిల్లలు చేయాల్సింది, పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని కొత్త కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టడం. ఆ కాగితం వచ్చేదాకా నెలల జీతం పోగొట్టుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. అందుకే పెళ్ళి ముహూర్తం కుదిరినప్పుడే ఈ పని మొదలుపెట్టించండి. రెన్యూవల్ గడువు కూడా చూసుకోండి. ఇంకో తిప్పలు పేరుతో. తమిళనాడు సర్టిఫికెట్లో తండ్రి పేరు ఇనీషియల్, మన ఆధార్‌లో ఇంటిపేరు, పెళ్ళయ్యాక అత్తవారి ఇంటిపేరు! మూడూ ఒకే అమ్మాయివని చూపించే అఫిడవిట్ ముందే చేయించి ఉంచుకోండి.