అక్షరాభ్యాసానికి ముందు: తెలుగునాట శిశుపోషణ, పూర్వప్రాథమిక విద్య – చిత్తూరు ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట విద్యాచరిత్ర సాధారణంగా అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. అంతకుముందు గడిచిన ఐదేళ్ళు పెంపకంగా, ఆ తరువాతి కాలం చదువుగా లెక్కకు వచ్చాయి. ఈ విభజన సంస్కారాలలో, వలసపాలకుల నివేదికలలో, స్వాతంత్ర్యానంతర చట్టాలలో ఎలా కొనసాగిందో, దాన్ని తొలగించడానికి ఎవరు ప్రయత్నించారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శిశువుకు పోషణ, బోధన విడదీయరానివని తెలుగు లోకానుభవమూ ఆధునిక పరిశోధనా చెబుతున్నా, ఆ రెండు పనులనూ కలిపి చేసే స్త్రీల హోదా మాత్రం ఆ పాత విభజన వద్దనే నిలిచిపోయిందని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అక్షరాభ్యాసం, శిశుపోషణ, పూర్వప్రాథమిక విద్య, బాలవాడి, అంగన్‌వాడీ, చిత్తూరు, ఐరాల.

1. ప్రవేశిక

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో బాహుదా నది ఒడ్డున కాణిపాకం వరసిద్ధి వినాయక క్షేత్రం ఉంది. తెలుగు ఇళ్ళలో పిల్లల చదువు విఘ్నేశ్వర పూజతోనే ఆరంభమవుతుంది. పళ్ళెంలో పోసిన బియ్యం మీద బిడ్డ వేలు పట్టి తొలి అక్షరాలు దిద్దిస్తారు. ఆ రోజుతో బిడ్డ చదువులో పడినట్లు లెక్క.

అయితే బియ్యం మీద వేలు పెట్టేనాటికే ఆ బిడ్డకు మాట వచ్చు. అమ్మ, అవ్వ, మామ, అత్త అనే వరుసలు తెలుసు. ఎక్కువ తక్కువలు, ముందు వెనుకలు తెలుసు. ఇంటికి వచ్చిన వారిని ఎలా పలకరించాలో తెలుసు. ఇవన్నీ నేర్పినవారి గురించి విద్యాచరిత్రలో ప్రస్తావన తక్కువ. అయ్యవారికి జీతమో దక్షిణో ఉండేది కనుక ఆయన పని లెక్కల్లోకి ఎక్కింది. తల్లి, అవ్వ, అక్క చేసిన పనికి వెల లేదు కనుక దానికి దస్తావేజూ లేదు. ఈ లోటు ఎలా ఏర్పడిందో కాలక్రమంలో చూడవలసి ఉంది.

2. సంస్కారాలు, ఇంటి విద్య

నామకరణం, అన్నప్రాశనం, పుట్టువెంట్రుకలు తీయించడం, చెవులు కుట్టించడం, అక్షరాభ్యాసం అనే వరుసలో మొదటివన్నీ దేహానికి సంబంధించినవిగా, చివరిది మాత్రమే బుద్ధికి సంబంధించినదిగా కనిపిస్తుంది. వాస్తవంలో ఆ హద్దు అంత స్పష్టమైనది కాదు. అన్నప్రాశనం నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, ఆహారం వంటివి ఉంచి, దేనిని పట్టుకుంటుందో చూసే ఆచారం చాలా ఇళ్ళలో ఉంది. ముద్ద తినడం మొదలుపెట్టిన నాడే బిడ్డ ఎంపికను గమనించాలన్న భావన అందులో కనిపిస్తుంది.

ఇదే ప్రాంతపు వాగ్గేయకారుడు తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) లాలి, జోల రూపాలను సంకీర్తనలోకి తెచ్చాడు. ఇంటి స్త్రీల నోట పుట్టిన ప్రక్రియకు ఆయన వల్ల శిష్ట సాహిత్యంలో స్థానం దొరికింది. జోల పాడే తల్లి బిడ్డను నిద్రపుచ్చుతూనే భాషలోని ధ్వనులను, తూగును చెవికి అలవాటు చేస్తుంది. దీన్ని ఆధునిక పరిశోధన బలపరిచింది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన ప్రయోగంలో ఆంగ్లం మాట్లాడే ఇళ్ళ శిశువులకు హిందీలోని మూర్ధన్య, దంత్య ధ్వనుల భేదాన్ని వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ భేదాన్ని గుర్తించారు. పది నుంచి పన్నెండు నెలల వయసుకు ఆ శక్తి బాగా సన్నగిల్లింది, ఇంట్లో ఆ భేదం వినబడకపోవడమే కారణం. ఇవి తెలుగులో ‘ట’, ‘త’లుగా ఉన్న ధ్వనులే. తెలుగు బిడ్డ ఈ రెండక్షరాలను ఐదో ఏట చేతితో దిద్దుతుంది. వాటి తేడాను చెవి మాత్రం మొదటి ఏడాదిలోనే నిలుపుకుంటుంది. ఆ పాఠం చెప్పినవారు ఎత్తుకుని మాట్లాడిన మనుషులు.

ఆటల విషయమూ ఇంతే. దోబూచులాటలో కంటికి కనబడని మనిషి లేకుండా పోలేదన్న ఎరుక కలుగుతుంది. గుజ్జనగూళ్ళు, బొమ్మలపెళ్ళి ఊహను, వరుసలను, పనుల క్రమాన్ని నేర్పుతాయి. వామనగుంటలు, అచ్చంగాయలు చేతి నేర్పుతో పాటు లెక్కను అలవరుస్తాయి. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి వారి కృషివల్ల బాలల పాటలు, ఆటలు గ్రంథస్థమయ్యాయి. అయితే అవి జానపద సాహిత్య విభాగంలో చేరాయి. వాటిని బోధనా పద్ధతులుగా చదివే ప్రయత్నం విద్యాశాస్త్రంలో అంతగా జరగలేదు.

ఇంటి పెంపకాన్ని ఆదర్శంగా మాత్రమే చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. వేరుశనగ, చెరకు పండించే చిత్తూరు పల్లెల్లో తల్లి కూలికి పోతే చంటిబిడ్డ అవ్వ ఒడిలోనో, ఏడెనిమిదేళ్ళ అక్క చంకలోనో పెరిగేది. చిన్నవారి పోషణకు పెద్దపిల్ల తన చదువును మూల్యంగా చెల్లించింది. ఆడపిల్లల అక్షరాస్యతకూ శిశుసంరక్షణకూ ఉన్న ఈ లంకె తరువాతి ప్రయత్నాలను అర్థం చేసుకోవడానికి ముఖ్యం.

3. వలసపాలన నివేదికలలో ఐదేళ్ళ వయసు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ విద్యపై సమాచారం సేకరించాలని నిర్ణయించాడు. 1826 మార్చి 10 నాటి ఆయన నివేదిక ప్రకారం రాజధానిలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఐరాల ప్రాంతం అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఈ సర్వేలో రాయలసీమకు సంబంధించి వివరమైన చిత్రాన్ని ఇచ్చినవాడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1823 ఆగస్టు నాటి ఆయన నివేదిక ఆ జిల్లాలో 533 బడులను, 6,641 మంది విద్యార్థులను లెక్కించింది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

పిల్లలు ఐదో ఏట చదువు మొదలుపెడతారని, అయ్యవారు, బడిపిల్లలు బిడ్డ ఇంటికి వచ్చి వినాయక ప్రతిమ చుట్టూ కూర్చుంటారని, బియ్యంలో బిడ్డ వేలితో దైవనామం రాయిస్తారని క్యాంప్‌బెల్ వర్ణించాడు. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పే పద్ధతిని మెచ్చుకుని, ఇంగ్లండు దాన్ని అనుకరించిందని గుర్తుచేశాడు. బడి ఇంటికి నడిచి వచ్చే ఈ సన్నివేశాన్ని నమోదు చేసిన నివేదిక, ఆ ఇంట్లో అంతకుముందు ఐదేళ్ళుగా జరిగినదాన్ని నమోదు చేయలేదు. సర్వే అడిగినది బడుల సంఖ్య, విద్యార్థుల సంఖ్య, బోధించే విషయాలు. ప్రశ్నలోనే ఇల్లు లేదు. 1832లో వెలువడిన ‘బాలశిక్ష’, దాని విస్తరణగా వచ్చిన ‘పెద్దబాలశిక్ష’ కూడా అక్షరమాలతోనే బాల్యాన్ని ప్రారంభించాయి.

4. ఇరవయ్యో శతాబ్ది ప్రయత్నాలు

ఐదేళ్ళలోపు బిడ్డను విద్యార్థిగా చూసే దృష్టి ఇరవయ్యో శతాబ్దిలో బలపడింది. 1920లో గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, కోస్బాడ్ పల్లెల్లో పేదల వాడలకే బడిని తీసుకువెళ్ళింది. ముంగిట్లో నడిచే ఆ బడికి ‘అంగన్‌వాడీ’ అన్న పేరు ఆమె కృషి ద్వారానే స్థిరపడింది. 1939లో మరియా మాంటిసోరి దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించింది. ఇంద్రియాల ద్వారా, చేతిపని ద్వారా బిడ్డ తనంతట తాను నేర్చుకుంటుందన్న ఆమె సిద్ధాంతం తెలుగు పట్టణాలకూ చేరింది.

అదే మద్రాసు నుంచి తెలుగువారు రెండు భిన్నమైన మార్గాలు వేశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణి ద్వారా, బాలానంద సంఘం ద్వారా, 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక ద్వారా పిల్లలకు తమ గొంతును తామే వినే అవకాశం కల్పించారు. వారు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’గానే పేరుపొందారు. గుజరాత్‌లో గిజుభాయిని ‘మీసాల తల్లి’ అన్న అర్థంలో పిలిచేవారు. బహిరంగ విద్యలో అడుగుపెట్టిన తొలితరం శిశువిద్యావేత్తలు గురువు బిరుదుకంటే ఇంటి వరుసను కోరుకోవడం గమనార్హం. పెంచేవారి స్థానంలో నిలబడితే తప్ప ఆ వయసుకు బోధించలేమన్న గుర్తింపు ఆ పిలుపుల్లో ఉంది.

రెండో మార్గం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన ఆమె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. ఆ మండలి గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలలో బాలవాడి, మాతాశిశు సంరక్షణ, స్త్రీల అక్షరాస్యత, చేతిపనులు ఒకేచోట చేరాయి. బిడ్డకు బాలవాడి దొరికితే తల్లికి పని, అక్కకు బడి దొరుకుతాయన్న అవగాహన ఈ కూర్పులో ఇమిడి ఉంది. తరువాతి కాలంలో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి చేర్చిన శాంతాసిన్హా కృషి కూడా ఈ అక్కల సమస్యను ఎదుర్కొన్నదే.

5. చట్టం గీసిన వయోరేఖ

1974లో జాతీయ బాలల విధానం వెలువడింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి సిఫారసు, పోషణ-ఆరోగ్య విద్య, పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలను ఒకే కేంద్రం అందించాలి. పోషణను, బోధనను ప్రభుత్వం ఒకే గడపలో కలిపిన ఘట్టమిది.

చట్టం మాత్రం వేరే దిశలో నడిచింది. రాజ్యాంగంలోని 45వ అధికరణం తొలి రూపం పద్నాలుగేళ్ళ వరకు ఉచిత నిర్బంధ విద్యను ఆదేశించింది. దానిలో కింది వయోపరిమితి లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల వివాదంతో ముడిపడిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో పద్నాలుగేళ్ళ వరకు విద్య ప్రాథమిక హక్కని తీర్పునిచ్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును 21ఎ అధికరణంగా చేర్చింది, కానీ ఆరు నుంచి పద్నాలుగేళ్ళకు పరిమితం చేసింది. ఆరేళ్ళలోపు వారి సంరక్షణ, విద్య ఆదేశిక సూత్రాలలో మిగిలాయి. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా మూడు నుంచి ఆరేళ్ళ వారికి ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అన్న స్థాయిలోనే ఆగింది. అక్షరాభ్యాసపు ఐదేళ్ళ హద్దు ఆరేళ్ళ హద్దుగా రాజ్యాంగంలో చోటు సంపాదించింది.

6. అంగన్‌వాడీ కార్యకర్త: రెండు పనులు, ఒక మనిషి

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పల్లెల్లో పిల్లలు, తల్లులు అక్కడి కార్యకర్తను ‘టీచరమ్మ’ అంటారు. ప్రభుత్వ పత్రాలు ‘కార్యకర్త’ అంటాయి. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవవేతనం. ఆమె బిడ్డను తూచాలి, గుడ్డు పెట్టాలి, గర్భిణులకు సలహా చెప్పాలి, వివరాలు యాప్‌లో ఎక్కించాలి. వీటి మధ్యనే కథ చెప్పాలి, పాట పాడించాలి, రంగులు గుర్తుపట్టించాలి. బరువు, గుడ్డు అంకెలుగా నమోదవుతాయి. బిడ్డతో సాగిన సంభాషణకు నమోదు పుస్తకంలో గడి ఉండదు. మన్రో సర్వేలో ఇంటికి ఏర్పడిన స్థితే ఇక్కడ కేంద్రంలోని బోధనకు ఏర్పడింది.

2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయి భారియా కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీ చట్టానికి అర్హులని ప్రకటించింది. ఆ కేంద్రాలలో పూర్వప్రాథమిక బోధన జరుగుతున్నదన్నది తీర్పుకు ఆధారాలలో ఒకటి. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సిబ్బంది వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోరుతూ 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని ప్రయోగించింది. ఆపడానికి వీల్లేని సేవగా గుర్తింపు పొందిన పనికి ఉద్యోగంగా గుర్తింపు లేకపోవడం ఈ చరిత్రలోని వైరుధ్యాన్ని బయటపెట్టింది.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించింది. 2022లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల పునర్వ్యవస్థీకరణ అంగన్‌వాడీలను పీపీ-1, పీపీ-2 తరగతులుగా బడితో అనుసంధానించింది. పాత హద్దు చెరగడం హర్షణీయమే. అయితే బడి పద్ధతి కిందికి దిగి మూడేళ్ళ బిడ్డకు పలక, పరీక్ష తెస్తుందా, లేక ఇంటి పద్ధతి పైకి వెళ్ళి ఒకటో తరగతికి ఆట, మాట తెస్తుందా అన్నది విధానం పేరుతో తేలే విషయం కాదు. రెండోది సాధ్యమేననడానికి నిదర్శనం చిత్తూరు సీమలోనే ఉంది. మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ సంస్థ 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ, భిన్న వయసుల పిల్లలు ఒకే గదిలో కార్డులు, ఆటలు, స్థానిక కథల ద్వారా ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతిని రూపొందించింది. క్యాంప్‌బెల్ చూసిన, పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పే అలవాటు ఇక్కడ సాధన సామగ్రితో తిరిగి కనిపిస్తుంది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

అ) అక్షరాభ్యాసం చదువుకు నాంది అన్న భావన అంతకుముందరి బోధనను చరిత్రకు కనబడకుండా చేసింది. వలసపాలన సర్వేలు, 2002 సవరణ వేర్వేరు కారణాలతో అదే హద్దును పాటించాయి.

ఆ) జోలపాటలు, దోబూచులాట, గుజ్జనగూళ్ళు వంటివి శిశువికాస పద్ధతులు. జానపద విజ్ఞాన సంకలనాలను పూర్వప్రాథమిక విద్యా దృష్టితో తిరిగి చదవవలసిన అవసరం ఉంది.

ఇ) న్యాయపతి దంపతులు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ వంటి తెలుగువారు పెంపకాన్ని, బోధనను కలిపి చూశారు. శిశుసంరక్షణను స్త్రీల విద్యతో ముడిపెట్టిన దుర్గాబాయి దృష్టి నేటికీ అవసరం.

ఈ) అంగన్‌వాడీ కార్యకర్తను బోధకురాలిగా గుర్తించి, అందుకు తగిన శిక్షణ, వేతనం, సమయం కల్పించినప్పుడే విధాన పత్రాలలోని పునాది దశకు అర్థం ఏర్పడుతుంది.

ఐరాల వంటి మండలంలో నేడు మూడేళ్ళ బిడ్డ అంగన్‌వాడీ గడప తొక్కినప్పుడు బియ్యపు పళ్ళెం ముందుండదు. అన్నం పళ్ళెం ఉంటుంది, పక్కన కూర్చుని మాట్లాడించే మనిషి ఉంటుంది. ఆ బిడ్డ విద్యాచరిత్రను అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టాలి.