గంట కట్టని గుడి

దోహాలో జపమాల మాత గుడిని 2008 మార్చిలో మన ముంబైకి చెందిన కార్డినల్ ఐవన్ డయాస్ ప్రతిష్ఠించారు. స్థలం ఇచ్చింది అప్పటి అమీర్ షేక్ హమద్. బయట సిలువ పెట్టలేదు, గంట కట్టలేదు. అంతకు ముందు ఇక్కడ అధికారికంగా గుడే లేదు. పిల్లలకి జపాలు నేర్పాలంటే ఇల్లే దిక్కు.

ఈ కష్టం మనతో మొదలవలేదు లెండి. జపాన్‌లో 1614లో క్రైస్తవాన్ని నిషేధించి గురువులను వెళ్ళగొట్టారు. తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా గురువులు లేకుండానే గడిచింది. ఊళ్ళో ఒకరు జ్ఞానస్నానం ఇచ్చేవారు, మరొకరు పండుగల లెక్క చూసేవారు, జపాలు పెద్దల నోటి నుంచి పిల్లలకి వచ్చేవి. 1865 మార్చి 17న ఉరకామి రైతులు నాగసాకిలోని ఔరా గుడికొచ్చి, ఫ్రెంచి గురువు పెతీజాన్‌ని అడిగారట, మరియమ్మ స్వరూపం ఎక్కడుందని!

మా ఊరికి గురువులు నెలకోసారి వచ్చేవారు. మిగతా రోజులు నానమ్మే. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పరలోక జపం చెప్పించేది, తప్పితే మళ్ళీ మొదటికి. నేనేమో ఇక్కడ పిల్లవాణ్ణి సత్యోపదేశం క్లాసు దగ్గర కారు దింపి, నా పని అయిపోయిందనుకున్నాను. ఒక శుక్రవారం వాడే అన్నాడు, "నాన్నా, జపం గుడిలో చేసేదేగా, ఇంట్లో ఎందుకు?" అని.

ఆ రాత్రి నుంచి అన్నాలయ్యాక టీవీ కట్టేసి పది నిమిషాలు జపం, తెలుగులోనే. వాడికి సగం మాటలు తెలియవు, నన్నడుగుతాడు. నాకూ కొన్ని తెలియక నానమ్మకి ఫోన్ చేస్తున్నాను. ఆవిడ ఫోన్లోనే నన్ను మళ్ళీ మొదటి నుంచి చెప్పిస్తోంది.