నీళ్లు చొరని ఫోన్: ఒక సీల్ కథ

తిరుపతిలో ఫోన్ రిపేరు షాపు నడిపేవాళ్లను ఎవరినైనా అడగండి. డిస్‌ప్లే పగిలి వచ్చే ఖరీదైన ఫోన్‌తో పాటు ఒక ప్రశ్న కూడా కౌంటర్ మీదికి వస్తుంది: "అన్నా, డిస్‌ప్లే మార్చినాక నీళ్లు పడినా ఏం గాదు గదా?" ఫోన్ కొన్నప్పుడు పెట్టె మీద ఐపీ68 అని ఉంది. ఆ ధైర్యంతోనే వానలో మాట్లాడారు, కుళాయి కింద కడిగారు. రిపేరు అయ్యాక కూడా అదే ధైర్యం చెల్లుతుందా అన్నది వాళ్ల సందేహం.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఫోన్ తెరిచిన క్షణాన ఆ రక్షణ పోతుంది. అది తిరిగి రావాలంటే పాత సీల్ పూర్తిగా తీసి కొత్తది వేయాలి, అది నిలిచిందో లేదో గాలితో పరీక్షించాలి. ఆ పరీక్ష జరగని ఫోన్‌ను మామూలు ఫోన్‌లాగే చూసుకోవాలి. ఇలా ఎందుకైందో తెలియాలంటే, నీళ్లు చొరని యంత్రాలను మనిషి ఎలా తయారు చేశాడో ఆ కథలోకి వెళ్లాలి.

గడియారంతో మొదలు

ఈ కథ ఫోన్ పుట్టక చాలా ముందు, చేతి గడియారంతో మొదలైంది. 1926లో రోలెక్స్ సంస్థ ఆయిస్టర్ అనే గడియారాన్ని తెచ్చింది. వెనక మూత, అద్దం చుట్టూ ఉండే కట్టు, కీ ఇచ్చే బొడిపె, మూడూ మరలాగా తిప్పి బిగించేవే. మరుసటి ఏడాది అక్టోబరులో మెర్సిడిస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానల్‌లోకి దిగింది. చలి భరించలేక ఒడ్డు చేరకుండానే ఆమెను పడవలోకి ఎక్కించాల్సి వచ్చింది. అయితే పది గంటలకు పైగా సముద్రంలో ఉన్న ఆమె దగ్గరి ఆయిస్టర్ గడియారం మాత్రం ఆగలేదు. రోలెక్స్ అధిపతి హాన్స్ విల్స్‌డోర్ఫ్ ఆ సంగతిని లండన్ పత్రిక మొదటి పేజీలో ప్రకటనగా వేయించాడు.

తరువాతి మెట్టు రబ్బరుది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సన్ గుండ్రటి రబ్బరు వలయానికి 1937లో పేటెంట్ కోరాడు, 1939లో అది దక్కింది. దాన్నే ఓ-రింగ్ అంటాం. సరైన కొలతలో తవ్విన గాడిలో ఆ వలయాన్ని కూర్చోబెడితే, బయటి ఒత్తిడి పెరిగేకొద్దీ అది గాడి గోడకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. నీళ్లు తోసేకొద్దీ దారి మూసుకుపోతుందన్నమాట.

గడియారాల వృత్తిలో అప్పటి నుంచి ఒక నియమం స్థిరపడింది. బ్యాటరీ కోసమైనా సరే, నీళ్లు చొరని గడియారం వెనక మూత తీస్తే రబ్బరు చూడాలి, అరిగితే మార్చాలి, మూశాక ఒత్తిడి పరీక్ష చేయాలి. మంచి మెకానిక్ ఎవరూ ఆ పరీక్ష లేకుండా "నీళ్లలో దిగొచ్చు" అని మాట ఇవ్వడు. ఫోన్ల విషయంలో మనం ఇంకా అక్కడికి చేరలేదు.

శబ్దం పోవాలి, నీళ్లు రాకూడదు

గడియారానికి లేని చిక్కు ఫోన్‌కు ఉంది. ఫోన్ మాట్లాడాలి, వినాలి. స్పీకరుకు, మైకుకు రంధ్రాలు తప్పవు. వాటిని మూసేస్తే మాట వినబడదు, తెరిస్తే నీళ్లు వస్తాయి.

దీనికి దారి చూపింది టెఫ్లాన్. 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ వేరే పని చేస్తుండగా అనుకోకుండా బయటపడ్డ పదార్థం అది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే యువకుడు టెఫ్లాన్ కడ్డీలను వేడి చేసి సాగదీయాలని చూశాడు. మెల్లగా లాగిన ప్రతిసారీ అవి తెగిపోయాయి. విసిగి ఒకదాన్ని గట్టిగా ఒక్క గుంజు గుంజితే తెగకుండా అనేక రెట్లు సాగింది. సాగిన పదార్థం నిండా కంటికి కనబడని సూక్ష్మ రంధ్రాలు. వాటిలోంచి గాలి పోతుంది, నీటి ఆవిరి పోతుంది, నీటి బొట్టు మాత్రం పోలేదు. నీటి తలతన్యత బొట్టును బిగపట్టి ఉంచుతుంది, టెఫ్లాన్‌కు నీరు అంటుకోదు.

గోర్‌టెక్స్ చొక్కాలుగా లోకమెరిగిన ఆ పొరే ఇవాళ ఫోన్ మైకు, స్పీకరు రంధ్రాల వెనక పలచటి చుక్కలా అతికి ఉంటుంది. సబ్బు నీళ్ల విషయంలో కంపెనీలు జాగ్రత్త చెప్పేదీ ఇందుకే. సబ్బు తలతన్యతను తగ్గిస్తుంది, దాంతో ఆ సూక్ష్మ రంధ్రాల్లోకి నీరు జొరబడడం తేలికవుతుంది.

పెట్టె మీది అంకెలు

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1976లో తెచ్చిన ప్రమాణంలోంచి వచ్చింది ఐపీ సంకేతం. మన దేశంలో ఐఎస్/ఐఈసీ 60529 పేరుతో అదే అమల్లో ఉంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము లోపలికి రాదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచినా నష్టం లేదు. 8 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష. లోతు, సమయం ఎంతో కంపెనీయే చెప్పాలి. 2016 నాటి గెలాక్సీ ఎస్7కు అది మీటరున్నర లోతు, 30 నిమిషాలు.

ఈ పరీక్ష కదలని మంచినీటిలో జరుగుతుంది. మీటరు లోతులో నీటి ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు. అదే పది మీటర్ల ఎత్తు నుంచి చెదరకుండా పడే ధార తగిలితే, తగిలిన చోట దాదాపు పూర్తి వాతావరణ పీడనమంత ఒత్తిడి పడుతుంది. అంటే పది రెట్లు. వేగంగా తగిలే ధారలకు రెండో అంకెలోనే 5, 6 అనే వేరే పరీక్షలున్నాయి. 7 గానీ 8 గానీ పాసైన ఫోన్ 6 కూడా పాసైనట్టు కాదు. సుమారు 270 అడుగుల తలకోన జలపాతం కింద ఫోన్ పట్టుకుని నిలబడేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

మన ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎండలో నిలిపిన కారులో 45 డిగ్రీలకు వేడెక్కిన ఫోన్ 25 డిగ్రీల నీళ్లలో పడిందనుకోండి. లోపలి గాలి చల్లబడి దాని పీడనం సుమారు 6 శాతం తగ్గుతుంది. అది అరవై సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి సమానం. సీల్‌లో వెంట్రుకంత సందున్నా ఫోన్ తనంతట తానే నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది.

డొప్ప పోయింది, గమ్ వచ్చింది

నీళ్లు చొరని ఫోన్లను మొదట జనంలోకి తెచ్చింది జపాన్. 2005లో క్యాసియో అక్కడ అలాంటి మోడల్‌ను విడుదల చేసింది. 2010లో మోటరోలా డెఫై, 2013లో సోనీ ఎక్స్‌పీరియా జెడ్ వచ్చాయి. చార్జింగ్ రంధ్రానికి చిన్న రబ్బరు మూతలు ఉండేవి.

మన ప్రశ్నకు కీలకమైన ఏడాది 2014. ఆ ఏడాది వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5కు వెనక డొప్ప గోటితో తీయగలిగేదే, బ్యాటరీ మార్చుకోగలిగేదే. అయినా దానికి ఐపీ67 ఉంది. డొప్ప లోపలి వైపు సన్నటి రబ్బరు గ్యాస్కెట్ ఉండేది. మన వంటింట్లో కుక్కర్ మూతకు ఉండే రబ్బరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే: తీయొచ్చు, పెట్టొచ్చు, అరిగితే మార్చొచ్చు. డొప్ప సరిగా నొక్కారో లేదో చూసుకోమని ఫోనే తెర మీద గుర్తు చేసేది.

రెండేళ్లకే దృశ్యం మారింది. 2016లో గెలాక్సీ ఎస్7, ఐఫోన్ 7 వచ్చాయి. ఫోన్ పలచబడాలి, రెండు వైపులా అద్దం ఉండాలి, బ్యాటరీకి చోటు కావాలి. రబ్బరుకూ గాడికీ ఇక చోటు లేదు. వాటి స్థానంలో ఫోన్ అంచు ఆకారానికి కోసిన, మిల్లీమీటరు వెడల్పు ఉండీలేనట్టుండే జిగురు టేపు వచ్చింది. మూతను నిలిపేదీ, నీళ్లను ఆపేదీ ఆ ఒక్క టేపే. రబ్బరు అరిగేదాకా ఎన్నిసార్లు తీసినా మళ్లీ పనిచేస్తుంది. జిగురు ఒక్కసారికే. రిపేరు చేసిన ఫోన్ నీళ్లకు ఆగుతుందా అన్న ప్రశ్న పుట్టింది ఇక్కడే.

రిపేరు బల్ల మీద

పగిలిన డిస్‌ప్లే మార్చాలంటే ముందు హీట్ ప్యాడ్ మీదో, హీట్ గన్‌తోనో అంచును వేడి చేస్తారు. జిగురు మెత్తబడగానే సక్షన్ కప్పుతో పైకి లాగి, సన్నటి ప్లాస్టిక్ బిళ్లను సందులో దూర్చి చుట్టూ కోస్తారు. అక్కడితో పాత సీల్ పని అయిపోయింది.

తర్వాత జరిగే పనిలోనే తేడా అంతా ఉంది. పాత జిగురు ముక్కలను గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, అంచును అద్దంలా చేయాలి. కింద పడి ఫ్రేము వంగి ఉంటే సరిచేయాలి, లేకపోతే ఎంత మంచి టేపైనా ఆ మూల ఆనదు. స్పీకరు జాలీ, దాని వెనక పొర చిరగకుండా చూడాలి. ఆ మోడల్‌కే కోసిన టేపు వేయాలి. తర్వాత చుట్టూ సమంగా ఒత్తిడి పెట్టి చెప్పినంతసేపు ఉంచాలి. యాపిల్ 2022లో అమెరికాలో సొంతంగా రిపేరు చేసుకునేవాళ్లకు అద్దెకిచ్చిన పరికరాల పెట్టెలు రెండూ కలిపి సుమారు 36 కిలోలు. వాటిలో డిస్‌ప్లేను నొక్కి పట్టే ప్రెస్ కూడా ఉంది.

చిన్న షాపుల్లో ఎక్కువగా ట్యూబు గమ్ వాడతారు, రబ్బరు బ్యాండ్లో క్లిప్పులో వేసి నొక్కి ఉంచుతారు. డిస్‌ప్లే నిలవడానికి అది చాలు. కానీ చేత్తో గీసిన గమ్ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. పూర్తి బలం రావడానికి ఒక రోజు పైనే పడుతుంది, కస్టమరేమో గంటలో కావాలంటాడు. మెకానిక్ నైపుణ్యాన్ని ఇక్కడ తప్పుపట్టలేం. అతని చేతిలో లేనివి ఆ మోడల్ టేపు, ప్రెస్, గాలి పరీక్ష పెట్టె.

ఆ పరీక్షకు నీళ్లు అక్కర్లేదు. ఫోన్‌ను చిన్న గదిలో పెట్టి గాలిని ఎక్కించో తీసో పీడనం ఎంత త్వరగా మారుతుందో కొలుస్తారు. ఫ్యాక్టరీల్లోనూ ఇదే పద్ధతి. బారోమీటర్ ఉన్న ఫోన్లలో ఇంకో తేలిక మార్గం కూడా ఉంది. తెరను వేళ్లతో మెల్లగా నొక్కితే లోపలి పీడనం అంకె పెరగాలి. ఏమాత్రం కదలకపోతే ఎక్కడో సందుందని అర్థం. పెరిగితే మంచి సూచనే, అయితే పూర్తి పరీక్షకు అది సాటి రాదు.

కొన్ని ఫోన్లలో ఉండే నానో పూత వేరే సంగతి. 2019 నాటి రెడ్‌మీ నోట్ 7కు పీ2ఐ అనే బ్రిటిష్ సంస్థ పూత ఉంది. సైనికుల రక్షణ దుస్తుల పరిశోధనలోంచి పుట్టింది అది. చిందిన నీళ్లను ఓర్చుకోవడానికే ఆ పూత, మునగడానికి కాదు. రిపేరులో కొత్తగా వేసిన భాగానికి అదే పూత ఉంటుందన్న హామీ కూడా లేదు.

కంపెనీలు చిన్న అక్షరాల్లో చెప్పేది

ఫోన్ తెరవకపోయినా సీల్ శాశ్వతం కాదు. జిగురు వయసుతో, వేడితో, కింద పడ్డ దెబ్బలతో బలం కోల్పోతుంది. వాడకం వల్లా, రిపేరు వల్లా, విప్పడం వల్లా ఈ గుణం తగ్గవచ్చు లేదా పోవచ్చు అని గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల గురించి రాతపూర్వకంగానే చెబుతోంది. ప్రకటనల్లో మాత్రం ఫోన్లు ఈతకొలనుల్లో మెరుస్తాయి. ఆ తేడా మీద ప్రభుత్వాలు కదిలాయి. 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు నీటి ప్రకటనల విషయంలో శాంసంగ్ 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాలని ఆదేశించింది.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవారే మార్చుకోగలిగేలా ఉండాలన్నది నిబంధన. మన్నికైన బ్యాటరీ ఉండి నీళ్లకు తట్టుకునే ఫోన్లకు అందులో కొంత వెసులుబాటు ఉంది. గెలాక్సీ ఎస్5 నాటి గ్యాస్కెట్‌ను ఇంజినీర్లు మళ్లీ తలచుకోవాల్సిన సమయం ఇదే. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాలూ మాన్యువళ్లూ అడగడంతో పాటు సీల్ టేపునూ అడగాలి.

బిల్లు మీద ఒక వాక్యం

ఈ విషయం తిరుపతికి దూరంది కాదు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. షావోమీ ఆ ఏడాది ఆగస్టులో విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ అక్కడ తయారైందే. ఆ లైన్ల మీద పనిచేసిన వేలమందిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లూ వెలిశాయి. ఫోన్‌ను శుభ్రంగా మూయడమనే విద్య ఎరిగిన చేతులు ఈ జిల్లాలోనే ఉన్నాయి. ఆ విద్య ఫ్యాక్టరీ గేటు దాటి రిపేరు బల్ల దాకా రావాలి. ఐటీఐల్లో మొబైల్ రిపేరు నేర్పేచోట టంకం వేయడంతో పాటు సీల్ వేయడం, గాలి పరీక్ష చేయడం కూడా నేర్పాలి.

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు ఫోనే దిక్కయింది. ఇంటివాళ్లకు కబురు చేయాలన్నా, సాయం అడగాలన్నా అదే ఉండాలి. అలాంటి రోజున ఫోన్ పనిచేయడం విలాసం కాదు.

అందుకే రిపేరుకు ఇచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. పాత జిగురు పూర్తిగా తీస్తారా? ఈ మోడల్ టేపే వేస్తారా? గాలి పరీక్ష చేసి ఫలితం బిల్లు మీద రాస్తారా? మూడోదానికి లేదన్నా ఆ షాపును వదిలేయనక్కర్లేదు. నిజం చెప్పినందుకు గౌరవించి, ఆ ఫోన్‌ను నీళ్లకు దూరంగా ఉంచుకోండి. అవునని రాసిచ్చే షాపుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా న్యాయమే. అడిగేవాళ్లు పెరిగితే పరీక్ష పెట్టె కొనే షాపులూ పెరుగుతాయి.