మాండలిన్ శ్రీనివాస్

శ్రీనివాస్, ఉప్పలపు (1969–2014): ఐరోపీయ వాద్యమైన మాండలిన్‌ను కర్ణాటక సంగీత సభలలో ప్రధానవాద్యముగ ప్రతిష్ఠించి, ఆ వాద్యముతోడనే జాజ్ సంగీతకారుల గోష్ఠులలోను ఖండాంతర ఖ్యాతి నార్జించిన ఆంధ్ర విద్వాంసుడు. జన్మస్థానము పశ్చిమగోదావరి జిల్లాలోని పాలకొల్లు. కర్మక్షేత్రము మద్రాసు, అనగా నేటి చెన్నై. వాద్యము పేరే ఇంటిపేరుగ చెల్లుట వీణ ధనమ్మాళ్, ఫ్లూట్ మాలి మొదలగువారి కాలమునుండి మద్రాసు సంగీతలోకమున నున్న ఆచారమే కాని, వారి చేతిలోని వాద్యములకు వారికి పూర్వమే శాస్త్రగౌరవ మున్నది. శ్రీనివాస్ చేతిలోని వాద్యమునకు ఆ గౌరవము ఆయన వలననే కలిగినది.

పంచారామములలో నొకటియైన క్షీరారామ క్షేత్రము పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28వ తేదీన శ్రీనివాస్ జన్మించెను. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంటిలో నున్న మాండలిన్‌ను బాలుడు ఐదారేండ్ల ప్రాయముననే చేతబట్టి, ఎవరును చెప్పకయే దానిపై స్వరములు పలికించుచుండుట గమనించిన తండ్రి, మొదట తానే పాఠము ప్రారంభించి, పిమ్మట తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు సన్నిధికి కుమారుని చేర్చెను. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు; మాండలిన్ వాయించుట ఆయనకు రాదు. గురువు పాడును, శిష్యుడు విన్నదానిని వాద్యముపై వెదకి పట్టుకొనును, ఇదియే పాఠక్రమము. లోపముగ కన్పట్టు ఈ ఏర్పాటే బాలునకు మహోపకార మైనదని నా తలంపు. ఏలయన, అనుకరించుటకు మరియొక మాండలిన్ వాదకుడు ఎదుట లేకపోవుటచే ఆతడు మనుష్యకంఠమునే అనుకరింపవలసి వచ్చెను, తత్ఫలితముగ ఆతని వాదనము తొలినాటినుండియు గాయకశైలిని సంతరించుకొనెను. 1976 ప్రాంతమున గిటారు విద్వాంసుడు వాసూరావు వలన పాశ్చాత్య సంగీతముతోను స్వల్పపరిచయ మేర్పడెను.

ఈ వాద్యము స్వభావమును కొంత వివరముగ తెలిసికొననిచో శ్రీనివాస్ సాధించినదేమో బోధపడదు. మాండలిన్ ఇటలీ దేశమున రూపొందినది. దానికి నాలుగు జంటలుగ ఎనిమిది లోహతంత్రు లుండును. వయొలిన్‌కువలెనే శ్రుతి చేయబడును. మెట్లు వీణమెట్లకన్న మిక్కిలి దగ్గరగ బిగింపబడి యుండును. మీటిన స్వరము పుట్టినంత వేగముగనే అణగిపోవును గనుక, ఐరోపీయులు ఒకే స్వరమును అతిత్వరితముగ మరల మరల మీటి దానికి నిడివి కల్పింతురు. మన చలనచిత్ర గీతములలో చిరకాలముగ వినబడుచు వచ్చిన గలగల నాదము అదియే. కర్ణాటక రాగమునకు ఈ పద్ధతి చాలదు. తోడి రాగమున గాంధారమును నిశ్చలముగ నిలిపినచో అది తోడి యనిపించుకొనదు. క్రింది రిషభమునకును పై మధ్యమమునకును నడుమ ఆ స్వరము ఆందోళితము కావలెను. అట్టి గమకమునకై తంత్రిని ప్రక్కకు లాగవలసి యుండగా, జంటతంత్రులు రెండును సమముగ సాగక శ్రుతి చెదరును.

శ్రీనివాస్ జంటలను తొలగించి, ఒంటితంత్రులను ఐదింటిని మాత్రము నిలిపి, విద్యుత్సాధనము సాయముతో నాదమునకు దీర్ఘాయువును సంపాదించెను. దగ్గరగ కూర్చుండి వినినవారికి ఆ హస్తలాఘవము స్పష్టముగ గోచరించెడిది: కుడిచేతి మీటు ఒక్కమారు తగులును, ఆ మీటు రేపిన నాదము సజీవముగ నుండగనే ఎడమచేతి వ్రేలు మెట్టునుండి మెట్టునకు జారి, తంత్రిని వంచి, మరల సడలించి, మూడు నాలుగు స్వరములను గాయకుడు ఒకే ఊపిరిలో పలుకునట్లు పలికించును. ముఖమున మాత్రము శ్రమచిహ్నమే యుండదు. నుదుట విభూతియు కుంకుమయు ధరించి, ఒడిలోని ఆ చిన్నవాద్యముపై చిరునవ్వుతో వంగియుండు ఆ మూర్తిని చూచినవారికి, అతిద్రుతకాలమున సాగు కల్పనస్వరములు ఆ వ్రేళ్ళనుండియే వెలువడుచున్నవని నమ్ముట కష్టమయ్యెడిది. ఆ వేగమును మెచ్చనివారు తక్కువ. కాని విళంబకాలమున ఆయన చేయు రాగాలాపనమే అంతకన్న గొప్పదని నే ననుకొందును.

1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవములలో శ్రీనివాస్ తొలి కచేరి చేసెను. కుటుంబము మద్రాసునకు తరలివచ్చిన పిదప 1981లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై నగరమున ప్రథమకచేరి జరిగెను. పరదేశవాద్యమును, అందును విద్యుత్తంత్రీవాద్యమును, సభావేదికపై చూచి ముఖము చిట్లించిన సంప్రదాయజ్ఞులు లేకపోలేదు. అయితే ఈ విషయమున మద్రాసు చరిత్ర బాలుని పక్షముననే నిలిచినది. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య వయొలిన్‌ను అభ్యసించి మన సంగీతమునకు తెచ్చినది ఈ నగరప్రాంతముననే. ఆ పరదేశివాద్యమే తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు వంటివారి చేతులలో సంప్రదాయమునకు ఆయువుపట్టైనది. ఏ.కె.సి. నటరాజన్ క్లారినెట్‌ను, కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్‌ను ఆ మార్గముననే నడిపిరి. డిసెంబరు మాసపు సంగీతోత్సవములలో శ్రీనివాస్ కచేరికి ప్రేక్షకులు కిక్కిరియుట అచిరకాలముననే పరిపాటి యయ్యెను. పదునైదేండ్ల ప్రాయముననే తమిళనాడు రాష్ట్రప్రభుత్వ ఆస్థానవిద్వాంస పదవి ఆయనను వరించెను.

జాజ్ లోకము ఆయనను ఇంతకు పూర్వమే చూచియుండెను. జాజ్ అనునది ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణభాగమున, ముఖ్యముగ న్యూ ఆర్లియన్స్ నగరమున, ఆఫ్రికన్ అమెరికనుల నడుమ ఉద్భవించిన సంగీతము. తూర్పుదేశముల రేవుపట్టణములలో దీనిని హోటళ్ళ నృత్యశాలలకు కొనివచ్చినవారిలో ఫిలిప్పీన్స్ వాద్యకారులును, బొంబాయి కలకత్తాలలో గోవా వాద్యకారులును ముఖ్యులు. మద్రాసున ఆ వాతావరణము అంతగ వేరూనలేదు. ఇచ్చటి గిటారు, శాక్సఫోన్ వాదకులలో పెక్కుమందికి చలనచిత్ర వాద్యబృందములే జీవనాధారము లయ్యెను. కావున మద్రాసునుండి జాజ్ వేదిక కెక్కిన విద్వాంసుడు జాజ్ నభ్యసించి వెళ్ళినవాడు కాక, కర్ణాటక సంగీతమును మాత్రమే వెంటగొని వెళ్ళినవా డగుట విచిత్రము కాదు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ మహోత్సవమున పదునాలుగేండ్ల శ్రీనివాస్ వాయించెను. అరగంటకై ఏర్పాటైన ఆ కచేరి శ్రోతల కోరికపై గంటవరకు సాగినది.

ఆ శ్రోతలకు త్యాగరాజు తెలియడు, రాగలక్షణము తెలియదు. వారి నాకర్షించినది మనోధర్మమని చెప్పవలెను. అప్పటికప్పుడు కల్పించి వాయించుటయే జాజ్ సంగీతమునకు ప్రాణము. మన కల్పనస్వరములకును, తనియావర్తనమునకును అదియే ప్రాణము. కాని రెండింటి నడకలో భేద మున్నది. జాజ్ వాదకుడు తన క్రింద క్షణక్షణము మారుచుండు స్వరసముదాయముల ననుసరించి కల్పనను నడుపును. మన విద్వాంసుడు చలింపని ఆధారషడ్జముపై నిలిచి, ఒకే రాగము నెల్లలలో, తాళావర్తమున కట్టుబడి విహరించును. ఈ భేదమును చెరిపివేయ యత్నించిన మేళనములు చాలవరకు రెండింటికిని చెడినవి.

ఈ రహస్యమెరిగిన పాశ్చాత్యులలో ఇంగ్లండున జన్మించిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్ అగ్రగణ్యుడు. మైల్స్ డేవిస్ నాయకత్వమున 'ఇన్ ఎ సైలెంట్ వే' అను ప్రసిద్ధ ధ్వనిముద్రణమున ఈయన గిటారు వాయించినది 1969 ఫిబ్రవరి 18వ తేదీన. అప్పటికి పాలకొల్లులో శ్రీనివాస్ జననమునకు ఇంకను పదిదినము లున్నవి. మెక్లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ నభ్యసించి, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘటవాద్య నిపుణుడు విక్కు వినాయకరామ్ ప్రభృతులతో 1970 దశకమున 'శక్తి' బృందమును నెలకొల్పెను. గమకమునకు గిటారు మెట్లు అడ్డువచ్చుట చూచి, మెట్ల నడుమనున్న కొయ్యను లోతుగ చెక్కించి, తంత్రిని యథేచ్ఛగ వంచుటకు వీలుగ నుండు ప్రత్యేకమైన గిటారును ఆయన చేయించుకొనెను. ఒకడు కొయ్యను తొలిచినాడు, మరియొకడు జంటతంత్రులను తీసివేసినాడు. ఇరువురు వెదకినది మాత్రము ఒకే గమకమును. వీరి కలయికకు శాస్త్రీయమైన కారణము ఇచ్చటనే యున్నదని గ్రహింపవలెను.

1997లో 'రిమెంబర్ శక్తి' అను పేర ఆ బృందము పునరుద్ధరింపబడినపుడు వేణువిద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా అందు పాల్గొనెను. అనతికాలముననే ఆ స్థానమున శ్రీనివాస్ ప్రవేశించెను. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజిరాతోను, తదనంతరము శంకర్ మహదేవన్ గాత్రముతోను జతగూడిరి. 'ది బిలీవర్' (2000), 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' (2001) అను ధ్వనిముద్రికలు ఈ కాలమునకు చెందినవి. రెండవదానియందు త్యాగరాజు బంగాళ రాగకృతి 'గిరిరాజసుతా తనయ' చోటుచేసికొన్నది. సంస్కృత కృతి యొకటి గిటారు, తబలా, కంజిరాల నడుమ ఐరోపా అమెరికాల జాజ్ శ్రోతలకు ఇష్టమైన అంశముగ పరిణమించుట సామాన్యవిషయము కాదు. ఈ కచేరీలలో గిటారు స్వరసముదాయములను పరచుచుండగా మాండలిన్ రాగమును వీడక ఏకస్వరధారగ సాగును. ప్రశ్నోత్తరములవలె సాగు ఘట్టములలోను శ్రీనివాస్ రాగచ్ఛాయను కోల్పోడు. ఈయనను జాజ్ విద్వాంసుడని వ్యవహరించు పాశ్చాత్య రచయితల నిర్ణయమును నే నంగీకరింపను. జాజ్ వారు ఆయన యొద్దకు వచ్చిరి. ఆయన తన పీఠమునుండి కదలలేదు.

ఇతర మేళనములలో కెనడా గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కూర్చిన 'డ్రీమ్' (1995) పేర్కొనదగినది. ఒక్కమారు మీటిన స్వరము ఎంతకును అణగక నిలిచియుండు 'ఇన్ఫినిట్ గిటార్' అను సాధనమును కల్పించినవాడు ఈ బ్రూక్. నాదము నిలువని వాద్యమునకు నిడివి నిచ్చిన శ్రీనివాస్‌తో ఆతడు జతకట్టుట ఉచితముగనే యున్నది. అయితే ఇందు ధ్వనిశిల్పము అధికము, రాగము స్వల్పము. ఆంగ్ల స్వరకర్త మైకేల్ నైమన్‌తో 'సంగం' (2003) వెలువడెను. 1992 బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవమునను ఆయన వాయించెను. వీటన్నిటి నడుమ త్యాగరాజ, దీక్షిత, శ్యామశాస్త్రుల కృతులతో నిండిన స్వదేశకచేరీలను ఆయన ఏనాడును తగ్గించుకొనలేదు.

1998లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగెను. 2009 సంవత్సరమునకు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. సోదరుడు యు. రాజేశ్ ఆయనకు శిష్యుడు, జంటకచేరీలలో సహవాదకుడు. మెక్లాఫ్లిన్ చెన్నై నగరముననే ధ్వనిముద్రణము గావించి 2008లో వెలువరించిన 'ఫ్లోటింగ్ పాయింట్' నందు రాజేశ్ మాండలిన్ వినవచ్చును. సోదరులిరువురు చెన్నైలో సంగీతవిద్యాలయమును నెలకొల్పి దేశవిదేశముల విద్యార్థులకు శిక్షణ మిచ్చిరి. మాండలిన్ నేడు కర్ణాటక సంగీతమున నేర్చికొనదగిన వాద్యముగ నిలిచియుండుట ఆ శిక్షణఫలమే. విద్యుద్గిటారుపై కర్ణాటక సంగీతమును పలికించి జాజ్ రచనలు గావించు చెన్నై ఐ.ఐ.టి. పట్టభద్రుడు గిటార్ ప్రసన్న వంటివారికి సభాద్వారములు తెరచుకొనుటలోను, శ్రీనివాస్ సంపాదించిన ఆదరము తోడ్పడి యుండునని ఊహింపవచ్చును.

కాలేయవ్యాధికి శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకు, 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయమున శ్రీనివాస్ చెన్నైలో కాలధర్మము నొందెను. తరువాత మెక్లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్ కూడి 'శక్తి' పేర 2023లో వెలువరించిన 'దిస్ మొమెంట్' అను ధ్వనిముద్రిక మరుసటి సంవత్సరము గ్రామీ పురస్కారము నొందినది. అందలి మొదటి రచనకు వారు పెట్టిన పేరు 'శ్రీనీస్ డ్రీమ్'.